పిచర్ల మోచేతులు, మా పిల్లల మోచేతులు: మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఫ్రిస్కో, టెక్సస్
2025 జూలై 28

గౌరవనీయులైన కమిషనర్ రాబ్ మేన్‌ఫ్రెడ్ గారికి, 30 క్లబ్బుల యజమానులకు, ప్లేయర్స్ అసోసియేషన్ పెద్దలకు,

నమస్కారం.

మేము డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉంటున్న తెలుగు కుటుంబాలం. ఈ దేశం వచ్చేదాకా మాకు క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. మా పిల్లలు ఇక్కడే పుట్టారు, బేస్‌బాల్ ఆడుతూ పెరిగారు. వాళ్ల వెంట గ్రౌండ్లకు తిరిగి తిరిగి మాకూ ఆ ఆట మీద ప్రేమ పుట్టింది. ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతిని న్యూయార్క్‌లోని మీ కార్యాలయానికి పంపుతున్నాం. తెలుగు ప్రతి మావాళ్ల కోసం. ఎందుకంటే ఇందులో రాసింది సగం మీకు సంబంధించింది, సగం మా ఇళ్లలో జరుగుతున్నది.

ఈ వారం అందరి దృష్టీ జూలై 31 ట్రేడ్ డెడ్‌లైన్ (క్లబ్బులు ఆటగాళ్లను మార్చుకోవడానికి ఆఖరి రోజు) మీదే ఉంది. ఏ క్లబ్బు ఏ పిచర్‌ని (బంతి విసిరేవాడిని) తెచ్చుకుంటుంది, ఎవరి బుల్‌పెన్ (మొదటి పిచర్ తర్వాత దిగేవాళ్ల బృందం) గట్టిపడుతుంది, టీవీలో పొద్దస్తమానం ఇదే చర్చ. సీజన్ సగంలో ఇంతమంది పిచర్ల కోసం ఇంత వెతుకులాట ఎందుకన్న ప్రశ్న మాత్రం ఎవరూ గట్టిగా అడగడం లేదు. జవాబు మీ దగ్గరే ఉంది. మీరే అచ్చు వేయించారు కూడా.

2024 డిసెంబర్‌లో మీ కార్యాలయం పిచర్ల గాయాల మీద ఒక నివేదిక విడుదల చేసింది. 200 మందికి పైగా డాక్టర్లు, ట్రైనర్లు, కోచ్‌లు, పాత పిచర్లతో మాట్లాడి తయారు చేసింది. ఆ పని చేయించినందుకు మీకు కృతజ్ఞతలు. అందులోని అంకెలు చూస్తే గుండె ఆగినంత పనైంది. పిచర్లను గాయాల జాబితాలో పెట్టిన సందర్భాలు 2005లో 212, 2024లో 485. అలా ఆటకు దూరమైన రోజులు 13,666 నుంచి 32,257కు చేరాయి. మేజర్ లీగ్, దాని కింది స్థాయి మైనర్ లీగులు కలిపి టామీ జాన్ సర్జరీలు (తెగిన మోచేతి లిగమెంట్‌ను బాగుచేసే ఆపరేషన్లు) 2010లో 104 జరిగితే 2020లో 314, 2024లో 281. కారణాలు కూడా మీ నివేదికే చెప్పింది: ప్రతి బంతికీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టడం, వేగం వెంట పరుగు, బంతి విపరీతంగా తిరగాలన్న ఆరాటం. సగటు ఫాస్ట్‌బాల్ వేగం 2008లో గంటకు 91.3 మైళ్లు. 2024లో 94.2. మా లెక్కలో చెప్పాలంటే 147 కిలోమీటర్ల నుంచి దాదాపు 152.

నివేదిక వచ్చి ఏడు నెలలు దాటింది. మేజర్ లీగ్ మైదానంలో దీని కోసం మారిన నిబంధన ఒక్కటీ మాకు కనబడలేదు.

ఈలోగా ఏం జరిగిందో చూడండి. మార్చిలో యాంకీస్ పిచర్ గెరిట్ కోల్‌కు సర్జరీ. సీజన్ మొత్తం పోయింది. ఏప్రిల్‌లో కబ్స్ పిచర్ జస్టిన్ స్టీల్. డైమండ్‌బ్యాక్స్ క్లబ్బు ఆరేళ్లకు 21 కోట్ల డాలర్లు ఇచ్చి తెచ్చుకున్న కార్బిన్ బర్న్స్, జూన్ 1న మ్యాచ్ మధ్యలో డగౌట్ వైపు చెయ్యి ఊపి ట్రైనర్‌ని పిలిచాడు. ఆ వారంలోనే సర్జరీ ఖాయమైంది. అదే నెలలో డెట్రాయిట్ కుర్రాడు జాక్సన్ జోబ్. డాడ్జర్స్‌లో స్నెల్, గ్లాస్‌నౌ, రోకి ససాకి ముగ్గురూ భుజాలు పట్టుకుని కూర్చున్నారు.

ఏటా రెండు లీగుల్లో ఒక్కో మేటి పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు వరస చూస్తే ఇంకా బాధేస్తుంది. 2020 విజేతల్లో ఒకరైన షేన్ బీబర్, 2021 విజేతలు బర్న్స్, రాబీ రే, 2022 విజేతలు సాండీ అల్కాంటారా, వర్లాండర్, 2023 విజేతల్లో ఒకరైన కోల్, 2024 విజేతలు స్కూబల్, క్రిస్ సేల్. వీళ్లలో ఒక్కొక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు మోచేతికి ఈ సర్జరీ జరిగింది. పిచింగ్‌లో మీరిచ్చే అతి పెద్ద బహుమతి అందుకున్నవాళ్ల పరిస్థితి ఇది.

ఈ సర్జరీ గురించి మా తెలుగు పాఠకులకు కాస్త చెప్పాలి. మోచేతి లోపలి వైపు ఒక చిన్న లిగమెంట్ ఉంటుంది. విసిరే క్షణంలో భారమంతా దాని మీదే పడుతుంది. అది తెగితే, మణికట్టు దగ్గర నుంచి ఒక స్నాయువును తీసి, ఎముకలకు రంధ్రాలు చేసి అక్కడ కడతారు. బొటనవేలినీ చిటికెన వేలినీ కలిపి మణికట్టు కొద్దిగా లోపలికి వంచండి. చర్మం కింద సన్నగా ఒకటి పైకి తేలుతుంది. చాలావరకు వాడేది దాన్నే. అందరికీ అది ఉండదు కూడా. లేనివాళ్లకు తొడ వెనక నుంచి తీస్తారు. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ 1974 సెప్టెంబర్ 25న మొదటిసారి ఈ ఆపరేషన్ చేసింది డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కే. ఆయన 1976లో తిరిగి వచ్చి, ఆ తర్వాత 164 మ్యాచ్‌లు గెలిచాడు. అది వైద్యం సాధించిన గొప్ప విజయం. కానీ ఆ విజయాన్ని చూసుకుని ఇప్పుడు అందరికీ భయం పోయింది. "తెగితే కుట్టించుకోవచ్చులే" అనే మాట మేము గ్రౌండ్ల దగ్గర మా చెవులతో విన్నాం. సర్జరీ చేయించుకుంటే వేగం పెరుగుతుందని నమ్మే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. అది తప్పని డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు. కోలుకోవడానికి కనీసం ఏడాది పడుతుంది, చాలామందికి ఏడాదిన్నర. పాత స్థాయికి రాలేనివాళ్లు బోలెడంత మంది.

ఇక క్లబ్బుల నిర్ణయాల సంగతి. ఒక పిచర్‌ని బ్యాటర్ మూడోసారి ఎదుర్కొనేసరికి బాగా కొడతాడని లెక్కలు చెబుతున్నాయి. అందుకని స్టార్టర్‌ని (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌ని) తొమ్మిదిలో ఐదు ఇన్నింగ్స్ పాటు పూర్తి బలంతో విసరమని, తీసేసి, వెనక నుంచి ఒకరి తర్వాత ఒకరిని దించుతున్నారు. ఒక్క మ్యాచ్ వరకూ చూస్తే ఈ లెక్క సరైనదే. మేము కాదనడం లేదు. అయితే ఆ ఖర్చు క్లబ్బు మీద పడటం లేదు. ఒకరి చెయ్యి పోతే గాయాల జాబితాలో వేసి ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింది స్థాయి) నుంచి మరొకరిని పిలుస్తారు. అతను కూడా అదే బలంతో విసురుతాడు, ఎందుకంటే మళ్లీ పిలుపు రావాలంటే రాడార్ గన్ (బంతి వేగం కొలిచే పరికరం) మీద అంకె కనబడాలి. 26 మంది జట్టులో 13 మంది పిచర్లు ఉండవచ్చన్న మీ నిబంధనే ఈ పద్ధతికి ఊతం. నెమ్మదిగా, పొదుపుగా విసిరి ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా నిలబడే పిచర్‌కి మీ ఆటలో ఇవాళ ప్రోత్సాహం ఏముంది? 2014లో 34 మంది పిచర్లు 200 ఇన్నింగ్స్ దాటారు. 2024లో నలుగురే: లోగన్ గిల్బర్ట్, సెత్ లూగో, లోగన్ వెబ్, జాక్ వీలర్. వీళ్లలో వెబ్ వేగం కోసం పేరు పడ్డవాడు కాదు. బంతిని కిందికి దించి నేల మీద కొట్టిస్తాడు. లూగో దగ్గర రకరకాల బంతులున్నాయి. ఆ దారీ ఉందని వాళ్లు చూపిస్తూనే ఉన్నారు.

పిచ్ క్లాక్ (ఇన్ని సెకన్లలో బంతి విసరాలన్న గడియారం) వల్లే ఇదంతా అని ప్లేయర్స్ అసోసియేషన్, కాదని మీరు. ఆ వాదన తేలేదాకా మిగతా పనులు ఆపుకోవాల్సిన అవసరం లేదు కాబట్టి మేము అందులోకి వెళ్లడం లేదు.

ఈ పరిస్థితి మామూలు జనం మీద ఎలా పడుతోందో చెబుతాం.

1. ముందుగా పిల్లలు. ఈ ఏడాది వసంతంలో మా ప్రాంతంలో జరిగిన ఒక టోర్నమెంట్‌లో మాకు తెలిసిన 14 ఏళ్ల కుర్రాడు శనివారం ఒక జట్టుకు 60 పైచిలుకు బంతులు విసిరాడు. మీరూ యూఎస్ఏ బేస్‌బాల్ వాళ్లూ కలిసి తెచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం ఆ తర్వాత కనీసం మూడు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఆదివారం అతను వేరే టోర్నమెంట్‌లో వేరే జట్టు జెర్సీ వేసుకుని మళ్లీ విసిరాడు. ఎవరి లెక్క వాళ్ల దగ్గర సరిగ్గానే ఉంది. రెండు లెక్కలూ కలిపి చూసేవాళ్లు లేరు. వారం తిరిగేసరికి ఆ అబ్బాయి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయాడు. మోచేతి లోపల, ఇంకా పూర్తిగా ఎముకగా మారని చోట దెబ్బతిన్నదని డాక్టర్ చెప్పారు. నిర్వాహకులకు రాశాం, వాళ్ల పైవాళ్లకు రాశాం. జవాబు లేదు. అందుకే ఈ బహిరంగ లేఖ.

ఆ గ్రౌండ్‌లో మేము చూసిన ఇంకో దృశ్యం కూడా మీకు తెలియాలి. వల వెనక ఒక తండ్రి అరచేతిలో పట్టే రాడార్ గన్ పట్టుకుని నిలబడ్డాడు. పిల్లవాడు బంతి విసిరిన ప్రతిసారీ అది స్ట్రైకో కాదో చూడటం లేదు. క్యాచర్ వైపూ చూడటం లేదు. నాన్న చేతిలోని అంకె వైపు చూస్తున్నాడు. ఆ తండ్రిని మేము తప్పుపట్టలేం. షోకేస్‌కు (పిల్లలు ప్రతిభ చూపించుకునే కార్యక్రమానికి) వెళితే స్కౌట్లు (క్లబ్బుల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లు) ముందు అడిగేది ఆ అంకెనే. ఆల్‌స్టార్ గేమ్‌లో, హైలైట్లలో, డ్రాఫ్ట్ (క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ప్రసారంలో మీరు పెద్ద అక్షరాలతో చూపించేదీ ఆ అంకెనే.

2. మైనర్ లీగ్ కుర్రాళ్లు. 2023 ఒప్పందం ప్రకారం ట్రిపుల్-ఏ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు, డబుల్-ఏలో 30,250. మేజర్ లీగ్ కనీస జీతం 2025లో 7,60,000. ఈ తేడా చూస్తే చెయ్యి నొప్పిగా ఉందని ఏ కుర్రాడైనా నోరు విప్పి చెబుతాడా? మా ఊళ్లోనే రఫ్‌రైడర్స్ ఆడతారు. రేంజర్స్‌కు డబుల్-ఏ జట్టు. వేసవి సాయంత్రాలు పిల్లలను తీసుకుని వెళతాం. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. సంతకం పెట్టమంటే ఆగి, పేరు అడిగి మరీ పెడతారు. వచ్చే ఏడాది వాళ్లలో ఎందరు విసురుతూ ఉంటారో అనిపిస్తుంది.

3. టికెట్టు కొనేవాళ్లు. రేంజర్స్ 18.5 కోట్ల డాలర్లతో జేకబ్ డిగ్రామ్‌ని తెచ్చినప్పుడు మా పిల్లలు ఎగిరి గంతేశారు. 2023, 2024 రెండు సీజన్లూ కలిపి ఆయన మొదలుపెట్టిన మ్యాచ్‌లు తొమ్మిదే. ఆయన తప్పేమీ లేదు. ఈ ఏడాది మునుపటి వేగాన్ని కొంచెం తగ్గించుకుని, వరసగా ఆడుతూ, ఆల్‌స్టార్ జట్టులోకి వచ్చాడు. మాకు ఎంత సంతోషమో చెప్పలేం. అదే జట్టులో రెండుసార్లు ఈ సర్జరీ చేయించుకున్న నేథన్ ఇయోవాల్డి ఉన్నాడు. మొదటిది హైస్కూల్లో ఉండగానే జరిగింది. 35 ఏళ్ల వయసులో స్ప్లిటర్‌తో (బ్యాటర్ దగ్గర కిందికి జారే బంతితో) బ్యాటర్లను తికమక పెడుతున్నాడు. మధ్యలో మోచేతి వాపుతో నెల రోజులు ఆగాల్సి వచ్చినా ఈ సీజన్ మేటి పిచర్లలో ఒకడు. మా పిల్లలకు మేము చూపించే పిచర్లు వీళ్లే.

4. ఆట. ఇద్దరు మేటి స్టార్టర్లు ఎదురెదురుగా ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా పోరాడటం అరుదైపోయింది.

మీ క్లబ్బుల్లోనే మంచి ఉదాహరణ ఉంది. రెండోసారి మోచేతి సర్జరీ అయ్యాక షోహే ఒహ్తానీ జూన్ 16న మళ్లీ మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) ఎక్కాడు. డాడ్జర్స్ అతనితో ముందు ఒక ఇన్నింగ్స్, తర్వాత రెండు, ఇప్పుడు మూడు వేయిస్తున్నారు. తొందర లేదు. జట్టులో సగం మంది స్టార్టర్లు లేకపోయినా ఆ మాట మీదే ఉన్నారు. ఇంకోవైపు మిల్వాకీ కుర్రాడు జేకబ్ మిజరౌస్కీ. జూన్ 12న మొదటి మ్యాచ్ ఆడి, ఐదే మ్యాచ్‌లతో ఆల్‌స్టార్ గేమ్‌కి ఎంపికయ్యాడు. ఆ అబ్బాయి ప్రతిభను మేము తక్కువ చేయడం లేదు. 100 మైళ్లు దాటించే చెయ్యి చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. కానీ సీజన్ అంతా కష్టపడి ఇన్నింగ్స్ మోసినవాళ్లను పక్కనబెట్టి అతన్ని పిలిస్తే, 12 ఏళ్ల పిల్లవాడికి మీరు చెప్పింది ఏమిటి?

మేము పుట్టి పెరిగిన ఆట నుంచి ఒక మాట. జనవరిలో సిడ్నీ టెస్టులో వెన్ను పట్టేసిన జస్‌ప్రీత్ బుమ్రా, ఈ వేసవి ఇంగ్లండ్ పర్యటనలో ఐదు టెస్టుల్లో మూడే ఆడతాడని సిరీస్ మొదలుకాకముందే బయటికి చెప్పారు. దాని మీద అభిమానులు తిట్టుకున్నారు, మా ఇళ్లలోనూ గొడవలయ్యాయి. మా హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ మాత్రం ఒక్క టెస్టూ వదలకుండా వేస్తుంటే అతనికి విశ్రాంతి ఎప్పుడని అడిగేవాళ్లూ ఉన్నారు. నిర్ణయం మంచిదో కాదో అందరూ చర్చించగలుగుతున్నారు, ఎందుకంటే అది అందరికీ తెలుసు. ఇంగ్లండ్ బోర్డు కుర్ర ఫాస్ట్ బౌలర్లు రోజుకు ఎన్ని ఓవర్లు వేయవచ్చో వయసుల వారీగా నిర్ణయించింది. అది సలహాగా మిగిలిపోలేదు. మ్యాచ్‌లో అంపైర్ ముందు అమలవుతుంది.

మా డిమాండ్లు ఇవి.

1. పిచ్ స్మార్ట్‌ను సలహా స్థాయి నుంచి నిబంధన స్థాయికి తేవాలి. మీ స్కౌట్లు హాజరయ్యే ప్రతి టోర్నమెంట్, ప్రతి షోకేస్ దాన్ని పాటించి తీరాలి. పాటించని చోటికి 30 క్లబ్బుల్లో ఒక్క స్కౌట్ కూడా వెళ్లకూడదు. మీకు ఆ బలం ఉంది. స్కౌట్లు రాని షోకేస్‌కు ఏ తల్లీతండ్రీ డబ్బు కట్టరు.

2. ఒక పిల్లవాడు ఏ జట్టుకు విసిరినా బంతుల లెక్క ఒకేచోట చేరేలా దేశమంతటికీ ఒక రిజిస్టర్ పెట్టాలి. ఖర్చు మీరు భరించాలి. మీ క్లబ్బులు ఒక్కో బంతి ఎంత తిరిగిందో కొలవగలుగుతున్నాయి. 14 ఏళ్ల పిల్లవాడు శనివారం ఎన్ని బంతులు విసిరాడో ఆదివారానికి తెలుసుకోవడం అంతకన్నా కష్టమేమీ కాదు.

3. ఏడాదికి కనీసం నాలుగు నెలలు పిచింగ్ ఆపాలని మీ సూచనలే చెబుతున్నాయి. ఆ నెలల్లో హైస్కూల్ పిల్లలను చూడటానికి స్కౌట్లు వెళ్లకుండా నిషేధం పెట్టాలి. శీతాకాలం షోకేస్‌లు వాటంతట అవే ఆగిపోతాయి.

4. మేజర్ లీగ్‌లో స్టార్టర్ ఎక్కువసేపు నిలబడితే క్లబ్బుకు లాభం కలగాలి. స్టార్టర్‌ని తొందరగా తీసేస్తే డిజిగ్నేటెడ్ హిట్టర్‌ని (పిచర్‌కు బదులు బ్యాటింగ్ చేసేవాడిని) కోల్పోయే నిబంధనను అట్లాంటిక్ లీగ్‌లో ఇప్పటికే పరీక్షించారు. దాన్ని పైకి తీసుకురండి. జట్టులో పిచర్ల సంఖ్యను 13 నుంచి మెల్లమెల్లగా తగ్గించండి. గాయపడిన పిచర్ మాత్రం ఎన్ని ఇన్నింగ్స్ అయ్యాయన్నది చూడకుండా బయటికి రాగలగాలి. అతన్ని తీసేసినందుకు జట్టుకు శిక్ష ఉండకూడదు. ఈ మినహాయింపును క్లబ్బులు దుర్వినియోగం చేయకుండా స్వతంత్ర డాక్టర్ చూడాలి.

5. ఏ క్లబ్బులో, ఏ స్థాయిలో, ఎన్ని మోచేతి, భుజం సర్జరీలు జరిగాయో ప్రతి సీజన్ మధ్యలోనూ చివరా బయటపెట్టండి. ఆటగాళ్ల పేర్లు అక్కర్లేదు. క్లబ్బు పేరు చాలు. తమ పిల్లవాడిని డ్రాఫ్ట్‌కు పంపే తల్లిదండ్రులకు, ఏ క్లబ్బు చేతులను కాపాడుతోందో తెలుసుకునే హక్కు ఉంది.

6. సర్జరీ అయిన మైనర్ లీగ్ పిచర్‌కి పూర్తిగా కోలుకునేదాకా జీతం, వైద్యం, ఆట వదిలేయాల్సి వస్తే చదువుకు సాయం ఉంటాయని ఒప్పందంలోనే రాయాలి.

ప్లేయర్స్ అసోసియేషన్‌కు ప్రత్యేకంగా ఒక విన్నపం. మీకూ యజమానులకూ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. డబ్బు లెక్కల మీద మీరు గట్టిగా పోరాడతారు. పోరాడాలి కూడా. ఆ బేరసారాల్లో నాలుగో, ఆరో డిమాండ్లను పక్కకు తోసేయకండి. ఏ చేతులతో మీ సభ్యులు సంపాదిస్తున్నారో ఆ చేతుల సంగతే ఇది.

మా తెలుగు తల్లిదండ్రులకు: మన పిల్లలు ఒకే వారాంతంలో రెండు జట్లకు ఆడుతుంటే ఇవాళే ఆపండి. బంతులు మీరే లెక్కపెట్టండి. ఒక చిన్న నోటు పుస్తకం చాలు. పిల్లవాడు చెయ్యి నొప్పి అంటే "కొంచెం ఓర్చుకో నాన్నా" అనకండి. కోచ్‌కి కోపం వస్తుందని టెన్షన్ పడకండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

కమిషనర్ గారూ, 1, 2, 3 డిమాండ్లకు ఎవరితోనూ బేరం అక్కర్లేదు. మీ ఆఫీసు తలుచుకుంటే అయ్యే పనులు. ఇక్కడ ఫాల్ టోర్నమెంట్లు సెప్టెంబర్‌లో మొదలవుతాయి. అప్పటికల్లా వీటి మీద మీ నిర్ణయం ఏమిటో, ఎప్పటి నుంచి అమలో రాతపూర్వకంగా ప్రకటించండి. మిగతా మూడింటి మీద డిసెంబర్‌లో జరిగే వింటర్ మీటింగ్స్‌లో చర్చ పెట్టి, ఎవరు ఏమన్నారో బయటికి చెప్పండి. మాట్లాడటానికి పిలిస్తే మా ఖర్చులతో మేమే న్యూయార్క్ వస్తాం. ఆ టోర్నమెంట్ స్కోరు షీట్లు రెండూ మా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
పిల్లలను పిచింగ్‌కు పంపుతున్న డాలస్ ప్రాంతపు తెలుగు తల్లిదండ్రుల తరఫున
ఒక తండ్రి